పొగ లేకున్నా... పొడి ఉంది!

పెనుకొండ అంటే ఒకప్పుడు విజయనగర రాజుల కోటే గుర్తొచ్చేది. ఇప్పుడు కార్లూ గుర్తొస్తున్నాయి. మండలంలోని ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో దాన్ని కట్టారు. ఇక 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రీపగలూ వాహనాల బారులే.

కారు కాలుష్యం అనగానే అందరం సైలెన్సరు వైపే చూస్తాం. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 ప్రమాణాలు వచ్చాక కొత్త బండ్ల పొగ బాగా తగ్గింది. మరి మిగతా కారు సంగతో?

టైరు అరిగితే...

కొత్త టైరు కొన్నేళ్లకు నున్నగా అయిపోతుంది. అరిగిన ఆ రబ్బరంతా ఎక్కడికి పోయినట్టు? సన్నటి పొడిగా రోడ్డు మీదే రాలింది. కొంత గాలిలో కలిస్తే, కొంత వాననీటితో కాల్వల్లోకీ చెరువుల్లోకీ చేరుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్‌ రాష్ట్రంలో వాన పడినప్పుడల్లా వాగుల్లో కోహో సాల్మన్‌ చేపలు చచ్చిపోయేవి. టైరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారడమే కారణమని 2020లో తేలింది. అన్ని చేపలకూ అంత ముప్పు లేదు కానీ, రోడ్డు మీది పొడి నీళ్లను ఏం చేయగలదో దానివల్లే తెలిసింది.

బ్రేకు కొడితే...

చక్రాల మీద పేరుకునే నల్లటి పొడిని మట్టే అనుకుని తుడిచేస్తాం. అందులో బ్రేకుల నుంచి రాలిన ఇనుము, రాగి లాంటి లోహాలూ ఉంటాయి. మరీ సన్నటివి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. అందుకే ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో-7 నిబంధనల్లో బ్రేకు పొడికీ హద్దు పెట్టింది. మామూలు పెట్రోలు కారుకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, విద్యుత్‌ కారుకు 3.

విద్యుత్‌ కార్లలో వేగం తగ్గించడానికి మోటారే సాయపడుతుంది. కాబట్టి బ్రేకులు తక్కువ అరుగుతాయి. బ్యాటరీ బరువు మాత్రం టైర్ల మీదే పడుతుంది!

పాత ఆయిలు ఎటు?

ఇంజిన్‌ నుంచి తీసిన పాత ఆయిలును నేలమీద పారబోస్తే మట్టిలోకి, అక్కణ్నుంచి భూగర్భజలాల్లోకి దిగుతుంది. బోరు నీళ్లే దిక్కయిన ఈ కరవు సీమలో అది చిన్న నష్టం కాదు. వాడిన ఆయిలును శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్‌ నుంచి కేంద్రం తయారీదారుల మీద కూడా పెట్టింది.

మన వంతుగా టైర్లలో గాలి సరిగా ఉందో లేదో పదిహేను రోజులకోసారి చూసుకోవాలి. సడన్‌ బ్రేకులు మానాలి. సర్వీసింగుకి ఇచ్చినప్పుడు, 'పాత ఆయిలు ఎక్కడ పోస్తున్నావ్‌?' అని మెకానిక్కును అడగాలి. బండికీ లాభమే, బోరుకీ లాభమే!