వార్తల్లో పదం: ఐటీ సర్వీస్ మేనేజ్‌మెంట్

బ్యాంకు సర్వర్ మొరాయిస్తే ఫిర్యాదుకు టికెట్ నంబరిచ్చి, తీవ్రత తేల్చి, సరైన బృందానికి అప్పగించి, సేవ మళ్లీ అందేదాకా వెంటపడే పద్ధతి ఇది. రాజమహేంద్రవరం, భీమవరం, కాకినాడల్లో ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్ చేరే పలువురికి తొలి కొలువు సర్వీస్ డెస్కే, అదీ రాత్రి షిఫ్టులో. కోడింగ్ కాదుగా అని ఇంట్లోవాళ్లు పెదవి విరుస్తారు. అంత చులకన పనేం కాదు.

ఈ పనికి ప్రామాణిక మార్గదర్శి ఐటిల్. 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ రూపొందించింది. 1991లో అక్కడే పుట్టిన వృత్తి సంఘం ఐటీఎస్ఎంఎఫ్‌కు భారత్‌లోనూ శాఖ ఏర్పడింది. ఐటిల్ సర్టిఫికెట్ పరీక్ష రాస్తే వస్తుంది. ఒకే లోపం ఎందుకు తిరగబెడుతోందో, శుక్రవారం సాయంత్రం సర్వర్‌లో మార్పులెందుకు చేయకూడదో మాత్రం సంఘంలోని అనుభవమున్న సాటి సభ్యులే చెప్పాలి. సభ్యత్వ రుసుము కట్టి ఊరుకుంటే దండగ. సమావేశాల్లో నోరు విప్పినవారికే పరిచయాలు.