గుండ్రదనం కొలత

యంత్రభాగపు అడ్డుకోత నిజమైన వృత్తానికి ఎంత దగ్గరగా ఉన్నదో తెలుపు లక్షణమే గుండ్రదనం. మైక్రోమీటరుతో వ్యాసాలను మాత్రమే కొలిస్తే దోషం బయటపడకపోవచ్చు. ఉదాహరణకు, రూలో త్రిభుజానికి అన్ని దిశలలోను వెడల్పు సమానమే, కాని అది వృత్తం కాదు. సెంటర్‌లెస్ గ్రైండింగులో ఇటువంటి మూడు ఉబ్బుల ఆకారం ఏర్పడవచ్చు.

కచ్చితమైన కొలతకు భాగాన్ని స్పిండిల్‌పై తిప్పుతూ, దాని అంచును తాకే సూది ద్వారా వ్యాసార్ధంలోని మార్పును నమోదు చేస్తారు. ఆ అంచు మొత్తం ఇమిడే రెండు ఏకకేంద్ర వృత్తాల మధ్య కనిష్ఠ దూరమే గుండ్రదన దోషం. దీనిని మైక్రోమీటర్లలో తెలుపుతారు.

1986లో జరిగిన ఛాలెంజర్ ప్రమాదంపై దర్యాప్తు సంఘంలో సభ్యుడైన రిచర్డ్ ఫైన్‌మన్, రాకెట్టు భాగాల గుండ్రదనాన్ని మూడు వ్యాసాలతో సరిచూడటం చాలదని ఎత్తిచూపాడు. అయితే ఆ ప్రమాదానికి ప్రధాన కారణం ఇది కాదు. అతుకులోని రబ్బరు వలయం చలికి సాగేగుణం కోల్పోయి విఫలమవటం.