మెతుకు పేరున్న ఊళ్లో మూడు రంగుల జెండా

ఊరి పేరులోనే అన్నం ఉంది. మెదక్ ప్రాంతాన్ని ఇప్పటికీ మెతుకుసీమ అంటారు. గుట్ట మీది కోట మెతుకుదుర్గం. కాకతీయుల నాటిదని చెప్పుకునే ఆ కోట ఎక్కుతుంటే ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. పైన 17వ శతాబ్దపు ఫిరంగి ఒకటుంది, పొడవు 3.2 మీటర్లు. దాని పక్కన నిలబడితే ఒక ఆలోచన వదలదు. కోట కట్టించిన రాజుల పేర్లు మనకు తెలుసు. ఈ ఫిరంగిని గుట్ట మీదికి చేర్చిన సిపాయిల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగింది?

ఊళ్లోకి దిగితే 175 అడుగుల గోపురంతో మెదక్ చర్చి. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, ఒకేసారి 5 వేల మంది కూర్చునే చోటు. దీన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్‌కు సిపాయిల బతుకు కొత్త కాదు. 1895లో సికింద్రాబాద్ వచ్చి, మొదట తిరుమలగిరి కంటోన్మెంట్‌లో బ్రిటిష్ సైనికుల మధ్య పాదిరిగా పనిచేశాడు. మరుసటి ఏడు పల్లెల బాట పట్టి మెదక్ చేరాడు. అప్పట్లో హైదరాబాద్ నుంచి గుర్రం మీద ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం. 1914లో ప్రపంచయుద్ధం మొదలైంది. చర్చి పనులూ ఆ ఏడే మొదలయ్యాయి. కరువు ముంచుకొచ్చిన ఆ కాలంలో ఊరి జనానికి ఇక్కడ పని దొరికింది, పనికి తిండి దొరికింది. 1924 క్రిస్మస్ నాడు తలుపులు తెరిచారు. లోపల రంగుటద్దాల కిటికీల నుంచి పడే వెలుగును చూడటానికి జనం దూరాభారం లెక్కచేయక వస్తారు. ఆ రాళ్లు మోసిన చేతులు మాత్రం మెతుకు కోసం వచ్చినవి.

చర్చి నుంచి బజారుకొస్తే కిరాణా కొట్లు, బట్టల దుకాణాలు, హోటళ్లు. ఏటా డిసెంబరు 7న ఇలాంటి బజార్లకే దేశమంతటా హుండీలు వస్తాయి. అది సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 ఆగస్టు 28న రక్షణ మంత్రి ఆధ్వర్యంలోని సంఘం ఈ తేదీని ఖాయం చేసింది. పది రూపాయలు వేసినా, వెయ్యి వేసినా దక్కేది ఒకే చిన్న జెండా. అందులో ఎరుపు సైన్యానికి (ఆర్మీకి), ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వైమానిక దళానికి గుర్తు.

దుకాణానికీ ఫౌజు ఇంటికీ చుట్టరికం పాతదే. కొడుకు మిలట్రీలో ఉన్న ఇంట్లో మనియార్డరు ఆలస్యమైతే ఆ సంగతి ముందు తెలిసేది కిరాణా కొట్టుకే. ‘వచ్చాక ఇద్దువుగాని’ అంటూ ఖాతా పుస్తకంలో రాసుకుని బియ్యం జోకిన షావుకారు చేసింది కూడా సైనిక సంక్షేమమే. గల్లాపెట్టె పక్కన పెట్టే హుండీ ఆ మంచితనాన్ని ఊరి పొలిమేర దాటిస్తుంది. ఇక్కడ వేసిన నోటు ఎక్కడో ముఖం తెలియని ఇంటికి చేరుతుంది.

ఎలా చేరుతుందో చూడండి. 1993లో వేర్వేరు సంక్షేమ నిధులను కలిపి సాయుధ దళాల పతాక నిధిగా చేశారు. కేంద్రీయ సైనిక్ బోర్డు దాన్ని నడుపుతుంది. పింఛను లేని 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు నెలకు 4 వేలుగా ఉన్న సాయం 2025 నవంబరు నుంచి 8 వేలయింది. పిల్లల చదువుకు నెలకు 2 వేలు, ఆడపిల్ల పెళ్లికి లక్ష రూపాయలు ఇస్తున్నారు. పింఛను లేని మాజీ సైనికులా అని ఆశ్చర్యపోవద్దు. పింఛనుకు చాలినంత సర్వీసు పూర్తికాకుండానే బయటికొచ్చిన వాళ్లున్నారు. వయసు మీదపడ్డాక వాళ్లకు ఈ నిధే ఆసరా.

మెదక్ రావడం ఇప్పుడు తేలిక. హైదరాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు, నర్సాపూర్ మీదుగా బస్సులున్నాయి. 2022లో అక్కన్నపేట నుంచి రైలు మార్గమూ వచ్చింది. పొద్దున్నే కోట, ఎండ ఎక్కకముందే చర్చి చూసుకుంటే, మధ్యాహ్నం మంజీరా ఒడ్డున ఏడుపాయల వనదుర్గమ్మ దర్శనానికి వీలవుతుంది. విరాళం ఇవ్వాలనుకుంటే డిసెంబరు దాకా ఆగనక్కర్లేదు. కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో ఏడాది పొడవునా తీసుకుంటారు. సొంతంగా డబ్బు పోగు చేయదలచిన దుకాణదారులు ముందుగా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాట్లాడుకుంటే లెక్క పక్కాగా ఉంటుంది.

డిసెంబరు 7న ఈ ఊరికి వస్తే బజారులో ఓ జెండా తీసుకుని చొక్కాకు గుచ్చుకోండి. సరిహద్దులో కాపలా ఉన్నవాడి ఇంట్లో మెతుకుకు లోటు రాకూడదని కోరుకోవడానికి మెతుకుసీమ కంటే తగిన చోటు ఏముంటుంది?