పల్లె నోట పక్షుల పేరులు

పక్షులకు పేరులు పెట్టుట శాస్త్రజ్ఞుల పనియని మన పట్టణవాసులు తలంచుచుందురు. వాస్తవమట్లు కాదు. పొలములోను బీటిలోను పక్షితో నిత్యము మెలగినవాడే దానికి మొదట పేరిడినవాడు. ఆ పేరు వట్టి గుర్తు కాదు. అందు దాని యునికియు నడవడియు నిమిడియుండును.

ఇంగ్లండు ఈ సంగతిని ముందుగనే గ్రహించినది. చార్లెస్ స్వెయిన్‌సన్ అను నాతడు బ్రిటిషు పక్షులకు ఆయా సీమల జనులు వాడు పేరులను కూర్చి 1885 లో గ్రంథముగా ప్రకటించెను. తీతువు జాతి పక్షిని అచ్చటి పల్లెవాడు కూతనుబట్టి ‘పీవిట్’ అనెను. మన పూర్వులు దానిని టిట్టిభమనుటయు కూతనుబట్టియే. పల్లెటూరి చెవి యే దేశమునందైనను ఒక్కటియే!

మన ఆలూరు సీమను జూడుడు. 1953 వరకు బళ్లారి జిల్లాలో చేరియుండిన యీ నల్లరేగడి నేల రెండు భాషల పొలిమేర. ఇట్టి బయళ్లలో తిరుగు మహాపక్షిని తెలుగువారు బట్టమేక యనిరి. నిలిచిన మీటరెత్తు, మగపక్షి పదునైదు కిలోల వరకు తూగును. మేకయనుట అతిశయోక్తి కాదు. కన్నడిగులు దానినే ఎరెభూత యందురు. ఎరె యనగా నల్లరేగడి. ఒకరు దాని పరిమాణమును జూచిరి, ఒకరు అది నివసించు మన్నును జూచిరి. సలీం అలీ దీనిని జాతీయ పక్షిగా చేయవలయునని కోరెను. 1963 లో ఆ గౌరవము నెమలికి దక్కెను. ఆంగ్లనామమున ఒక అక్షరము తప్పిన అసభ్యమగునను జంకు కూడ అందులకొక కారణమని చెప్పుకొందురు. బట్టమేక యను పేరునకు ఆ భయమేల?

పసులవెంట నుండి, వాని వీపులపై నెక్కి పురుగులను పట్టుకొను నల్లపిట్ట పసులపోలిగాడు. కడపసీమ పొదలలోని కలివికోడి మాట మరింత విలువైనది. కలివిపొదల నడుమ తిరుగు కోడియని పేరే చెప్పుచున్నది. సైనిక వైద్యుడగు జెర్డన్ దీనిని 1848 లో శాస్త్రలోకమునకు దెలిపెను. 1900 లో అనంతపురము చెంత కనబడిన పిమ్మట ఎనుబదియారేండ్లు శాస్త్రజ్ఞులకది కానరాలేదు, అంతరించినదనియే తలంచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము వారు వెదకుచుండగా, రాత్రివేళ దీపపు వెలుతురున దానిని పట్టి తెచ్చినవాడు స్థానికుడగు వేటకాడు! గ్రంథములు మరచిన దానిని పల్లె మరువలేదు.

అయినను పేరు మాత్రము నిలిచి పక్షి పోయిన ఫలమేమి? బట్టమేకకై 1988 లో రోళ్లపాడున అభయారణ్య మేర్పడినది. గడ్డిబీళ్లను కాపాడగా జింకలు పెరిగి చుట్టుపట్ల పైరులను మేసినవి. రైతుల మొర న్యాయమైనదే. ఆ నష్టమునకు తగిన పరిహారము లేక రైతును పక్షికి మిత్రుని చేయజాలము. నేడు రోళ్లపాటి వారికిని బట్టమేక దర్శనము దుర్లభమైనది.

కావున భూస్వాములకు మా మనవి యొక్కటి. దున్నని బీడెల్ల వ్యర్థమని యెంచకుడు. గొఱ్ఱెలకు మేతయు బట్టమేకకు ఉనికియు నచ్చటనే. మీ యూరి ముదుసలి గొల్లలను, వేటకాండ్రను పిలిచి, వారెరిగిన పక్షుల పేరులను, అవి తిరుగు తావులను వ్రాయించుడు. బడిపిల్లలకు నేర్పుడు. పరదేశీయుడగు జెర్డన్ తన పక్షిగ్రంథమున తెలుగు పేరులను గూడ వ్రాసి పెట్టెను. ఇంటివారమగు మనము ఆ మాత్రము చేయమా?