పాత పీసీకి కొత్త ఓఎస్: ఫార్మాట్ కొట్టే ముందు అను ఫైళ్ల సంగతి చూసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. అలాగని పీసీ ఆగిపోదు, రోజూలాగే ఆన్ అవుతుంది. కాకపోతే సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌కి నమోదు చేసుకున్న హోమ్ యూజర్లకి కంపెనీ ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. అది కూడా అయిపోతే కొత్త ఓఎస్ వేసుకోవాల్సిందే.

మరి ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌కి ఏం వేయాలి? కోటప్పకొండ కింద ఊళ్లో మా పెదనాన్న వాళ్ల పీసీకి ఈమధ్యే నేను ఓఎస్ మార్చాను. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. నాలుగో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. అందులో ఏళ్ల తరబడి పోగైన శివరాత్రి తిరునాళ్ల ఫొటోలు, విద్యుత్ ప్రభల వీడియోలు, ఊరి ప్రభకి వసూలైన చందాల జాబితాలు ఉన్నాయి. "కొత్తది వేస్తే ఆ లెక్కలన్నీ పోతాయేమోరా అబ్బాయ్" అన్నాడు పెదనాన్న. ఆ భయం నిజమే. ఇన్‌స్టాల్ అరగంట పని. అసలు పనంతా దానికి ముందే ఉంటుంది.

విండోస్ 11 వస్తుందా, రాదా?

ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి పైకి ఉండాలి. టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ ఇవన్నీ చూసి చెప్పేస్తుంది. టీపీఎమ్ లేదని వస్తే వెంటనే నిరాశపడకండి. చాలా బోర్డుల్లో అది బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎమ్ అనే పేరుతో వెతికి ఆన్ చేయండి.

రూఫస్ టూల్‌తో ఈ చెకింగ్‌ని దాటేసి పాత పీసీలో కూడా విండోస్ 11 వేయొచ్చు. కానీ అలాంటి పీసీలకి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే మారుతున్నప్పుడు ఆ దారి ఎందుకు? అందుకే పెదనాన్న పీసీకి లినక్స్ మింట్ 22 ఎంచుకున్నాను. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయిగా ఉంటుంది. 2029 వరకు సపోర్ట్ ఉంది. పైసా ఖర్చు లేదు.

డౌన్‌లోడ్ కష్టం

మింట్ ఐఎస్ఓ ఫైల్ దాదాపు 3 జీబీ. విండోస్ 11 అయితే 5 జీబీ దాటుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ మీద నడిచే ఇంట్లో ఇది కుదిరే పని కాదు. నరసరావుపేటలో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఫ్రెండ్ ఇంట్లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం మేలు. చెక్‌సమ్ సరిచూడటం మర్చిపోవద్దు. సగం పాడైన ఫైల్‌తో మొదలుపెడితే ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్, రూఫస్ లేదా ఎచర్ ఉంటే బూటబుల్ రెడీ.

ఫార్మాట్‌కి ముందు

ఫొటోలు కాపీ చేసుకోవాలని అందరికీ తెలుసు. చాలామంది పట్టించుకోనిది తెలుగు ఫైళ్ల సంగతి. చందాల జాబితాలు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ మేటర్ అన్నీ మన దగ్గర అను స్క్రిప్ట్‌లో కొట్టినవే ఎక్కువ. అను యూనికోడ్ కాదు. లోపల ఉండేవి మామూలు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే, ఫాంట్ వాటిని తెలుగుగా చూపిస్తుంది. ఆ ఫాంట్ లేని పీసీలో అదే ఫైల్ తెరిస్తే అర్థంకాని గీతలూ గుర్తులూ కనిపిస్తాయి. ఫైల్ ఉన్నా లేనట్టే!

కాబట్టి పాత విండోస్ బతికి ఉండగానే ముఖ్యమైన ఫైళ్లన్నీ తెరిచి పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. మళ్లీ ఎడిట్ చేయాల్సినవి ఉంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, పేర్లూ అంకెలూ ఒకసారి పోల్చి చూడాలి. తర్వాత ఆ బ్యాకప్‌ని వేరే పీసీలోనో ఫోన్‌లోనో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

ఇంకో రెండు విషయాలు. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. చివరిసారి విండోస్ షట్‌డౌన్ చేసేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి. లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పాత డ్రైవ్ లినక్స్‌లో సరిగ్గా తెరుచుకోదు.

అసలు ఇన్‌స్టాల్

వీలైతే ఒక సాటా ఎస్ఎస్‌డీ కొనండి. స్పీడ్ ఒక్కటే లాభం కాదు. పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేసి ఎస్ఎస్‌డీలో కొత్త ఓఎస్ వేస్తే పాతది చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. పొరపాటున వేరే డిస్క్ చెరిపేసే ప్రమాదమే ఉండదు. పెదనాన్న పీసీకి ఇదే చేశాను. పని అయ్యాక కేబుల్ మళ్లీ పెడితే ఫొటోల ఫోల్డర్ ఎప్పటిలాగే తెరుచుకుంది.

1. పెన్‌డ్రైవ్ పెట్టి పీసీ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.
2. మింట్ ముందు పెన్‌డ్రైవ్ మీదే లైవ్‌గా నడుస్తుంది. వైఫై, సౌండ్, ప్రింటర్ అన్నీ ఇక్కడే టెస్ట్ చేయండి. నచ్చకపోతే రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ అలాగే ఉంటుంది.
3. అంతా ఓకే అయితే ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. మల్టీమీడియా కోడెక్స్‌కి టిక్ పెట్టండి.
4. ఎరేజ్ డిస్క్ అన్నచోట ఆగి, ఏ డిస్క్, ఎన్ని జీబీ అని చదివాకే ముందుకెళ్లండి.

డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే కరెంటు కోత వేళల్లో ఈ పని పెట్టుకోవద్దు.

తెలుగు సెటప్

సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఐబస్ ఎమ్17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ లేఅవుట్లు వస్తాయి. అనులో ఆపిల్ కీబోర్డ్ అలవాటైన వాళ్లు వేళ్లకి కొత్త పాఠం నేర్పాల్సిన పని పెద్దగా ఉండదు. ఫాంట్లకీ కొదవలేదు. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, పైగా అన్నీ యూనికోడ్. ఇప్పుడు వీటితో కొట్టిన జాబితా పదేళ్ల తర్వాత ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది.

ఎవరికి ఏది?

బ్రౌజింగ్, సినిమాలు, చదువు, లెక్కల షీట్లు చాలనుకుంటే మింట్ వేసేయండి. అను, పేజ్‌మేకర్, ట్యాలీ మీద రోజువారీ సంపాదన ఉంటే విండోస్‌లోనే ఉండండి. కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉన్నవాళ్లు లైవ్ మోడ్‌లో తప్పకుండా టెస్ట్ చేయాలి, అది లినక్స్‌కి అంత తేలిగ్గా లొంగదు. విండోస్ 11కి సరిపోయే పీసీ ఉన్నవాళ్లు క్లీన్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అందులో ఫొనెటిక్ తెలుగు కీబోర్డ్ కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ కావచ్చు, రికవరీ కీ ఎక్కడుందో ఆ రోజే చూసి పెట్టుకోండి.

పెదనాన్న ఈసారి చందాలు లిబ్రేఆఫీస్ షీట్‌లో యూనికోడ్‌లో రాస్తున్నాడు. పాత జాబితాల పీడీఎఫ్‌లు ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకో కాపీ ఫోన్‌లో ఉన్నాయి. మీ పీసీలో ఆ రెండో కాపీ లేకపోతే, ఓఎస్ పని పక్కన పెట్టి ఈ ఆదివారం ముందు అది చేయండి.