మబ్బు మింగే బస్తాలు

ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయని గోదావరి డెల్టాలో ఎవరినైనా అడిగి చూడండి. ‘సార్వాకా, దాళ్వాకా?’ అని ఎదురడుగుతారు. 75 కిలోల బస్తా లెక్కన వానాకాలపు సార్వాలో ముప్పై వస్తే బాగా పండిందనుకునే చేలోనే, ఎండకాలపు దాళ్వాలో నలభై దాటడం మామూలు.

ఆ తేడా ఆకాశంలో పుడుతుంది. చిరుపొట్ట దశ నుంచి కోత దాకా ఆకు మీద పడే ఎండే గింజలో పిండిగా చేరుతుంది. సార్వా చేను ఆ దశకొచ్చేసరికి సెప్టెంబరు, అక్టోబరు మబ్బులు కమ్ముకుంటాయి. దాళ్వాకు ఫిబ్రవరి, మార్చి ఎండ దొరుకుతుంది. ఎరువు సంగతీ అంతే. వానాకాలంలో యూరియా జోరుగా వేస్తే చేను ఏపుగా ఎదిగి పడిపోతుంది, దోమ చేరుతుంది, ఎండాకు తెగులు అంటుకుంటుంది. అదే యూరియా దాళ్వాలో గింజవుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్‌-8కు పేరు తెచ్చిన హెక్టారుకు 9 టన్నుల పైచిలుకు దిగుబడి కూడా ఎండకాలపు పంటదే.

అందుకే దాళ్వా అంకెలు చూసి రకాన్ని మెచ్చుకోవడం నాకు నచ్చదు. మబ్బులో, తుపాను గాలిలో నిలబడి పండినదే గొప్ప వంగడం. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ అలాంటిది. పెద్దగా ఎరువు అడగదు. తూర్పు భారతాన్నీ, బంగ్లాదేశ్‌నూ చుట్టేసింది. అయితే దాని పంటకాలం దాదాపు 150 రోజులు. దాళ్వాకు అంత వ్యవధి ఉండదు. గోదావరిలో ప్రవాహం సన్నగిల్లాక సీలేరు జలవిద్యుత్‌ కేంద్రాల నుంచి వదిలే నీరే ఆధారం, కాలువలు కట్టేసేలోగా శివారు చేలు కూడా గట్టెక్కాలి. ఆ ఇరుకులో ఇమిడింది అదే మార్టేరు నుంచి 2000లో వచ్చిన ఎంటీయూ-1010, మన కాటన్‌దొర సన్నాలు. కృష్ణవేణి వంగడాన్ని ఐఆర్‌-64తో సంకరపరిచి తీసిన ఈ రకం 120 రోజుల్లో కోతకొస్తుంది. రెండు కాలాల్లోనూ పండుతుంది.

దాళ్వా లాంటిదే అయిన తెలంగాణ యాసంగికి ఇంకో బాధ ఉంది. పంటను పండించిన ఎండే ఏప్రిల్‌లో ముదిరి గింజను లోపల పగలగొడుతుంది. పచ్చిబియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ. అందుకే ఆ వడ్లను ఉప్పుడు బియ్యం చేస్తూ వచ్చారు. ఆ బియ్యాన్ని ఇక తీసుకోబోమని కేంద్రం అనడంతో 2021-22లో ఎంత రగడ జరిగిందో తెలిసిందే. కాంటా మీద ఎక్కువ తూగిన పంట మిల్లులో ఓడిపోయింది. నాట్లు ముందుకు జరపడం కొంత మందు. అసలు మందు మాత్రం ఎండకు పగలని గింజే. కొత్త రకాల వేటలో దానికి బస్తాల సంఖ్యతో సమానంగా విలువ ఇవ్వాలి. విత్తన సంచి మీద ఒక్క అంకె వేసి ఊరుకోకూడదు. వానాకాలం దిగుబడి ఎంత, యాసంగి దిగుబడి ఎంత, క్వింటా వడ్లకు నూక పోగా నిండు గింజ ఎంత అన్నది విడివిడిగా అచ్చు వేసి రైతు చేతికివ్వాలి.