సూది పడ్డాకే అసలు చికిత్స

*దీర్ఘకాలిక నడుంనొప్పికి కొత్త ఇంజెక్షన్లు ఆశలు రేపుతున్నాయి. కానీ కోలుకోవడం నెలల పని. ఆ సంగతి ముందే తెలియకపోతే డబ్బుతోపాటు నడుమూ నష్టపోతుంది.*

ఇంజెక్షన్ వేయించుకుంటే నొప్పి తగ్గాలి. అది లోకరీతి. కానీ ఏళ్ల తరబడి వదలని నడుంనొప్పికి నగరాల్లోని క్లినిక్‌లు ఇస్తున్న 'రీజెనరేటివ్' ఇంజెక్షన్ల దారి వేరు. దెబ్బతిన్న కణజాలాన్ని శరీరం చేతే తిరిగి బాగుచేయించడం వాటి లక్ష్యం. సూది వేసిన సాయంత్రానికి మత్తు వదులుతుంది. మర్నాటికి నడుము బిగుసుకుపోతుంది. రెండో రోజో మూడో రోజో మంచం మీద పక్కకు ఒత్తిగిలడం కూడా గగనమవుతుంది. పోనీ, అలవాటైన నొప్పి మాత్ర వేసుకుందామంటే డాక్టరు వద్దన్నారాయె. డబ్బు పోసి కొత్త నొప్పి కొనితెచ్చుకున్నామా అనే అనుమానం అక్కడే మొదలవుతుంది.

నిజానికి చాలామందిలో ఆ నొప్పి చికిత్సలో భాగమే. స్టిరాయిడ్ ఇంజెక్షన్ లోపలి వాపును చల్లారుస్తుంది. ఇవి అందుకు పూర్తిగా విరుద్ధం. పాతబడి, మొద్దుబారిన గాయాన్ని మళ్లీ కొద్దిగా రేపి, శరీరం తన మరమ్మతు పని తిరిగి మొదలుపెట్టేలా చేయాలన్నది వీటి సిద్ధాంతం. వీటిలో పాతది ప్రోలోథెరపీ. అమెరికా సర్జన్ జార్జ్ హాకెట్ 1950లలో ఆ పేరు పెట్టారు. వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లలోకి చక్కెర ద్రావణం ఎక్కించడమే ఈ పద్ధతి. రెండోది పీఆర్‌పీ. రోగి చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని వేరుచేసి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ నొప్పి ఉన్న కీలులోకో డిస్క్‌లోకో పంపుతారు. గాయం మాన్పే పదార్థాలు ప్లేట్‌లెట్ల నుంచే విడుదలవుతాయి కాబట్టి వాటినే నేరుగా అందిస్తే సరిపోతుందన్నది ఆలోచన. మూడోది మూలకణాలు. అన్నిటికంటే ఖరీదైనది ఇదే, వివాదం ఎక్కువ ఉన్నదీ ఇదే.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలను కొన్ని వారాలు మానమనడానికి కారణం కూడా ఈ సిద్ధాంతమే. కోరి రాజేసిన మంటను ఆ మాత్రలు ఆర్పేస్తాయి. అందుకే మరీ భరించలేకపోతే పారాసెటమాల్‌తో సరిపెట్టుకోమంటారు. అయితే గుండెజబ్బు కోసం ఆస్పిరిన్ వాడేవారు ఈ మాట విని దాన్ని సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదకి వస్తుంది. ఆ నిర్ణయం గుండె డాక్టరుదే.

ఆ తర్వాతి కాలం ఎలా గడపాలన్న విషయంలో ప్రపంచమంతా ఒప్పుకున్న నియమావళి లేదు. డాక్టరును బట్టి, సూది ఎక్కడ వేశారన్న దాన్ని బట్టి అది మారుతుంది. కానీ స్థూలంగా వరుస ఒకటే. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. ఆ తర్వాత ఇంట్లో నాలుగడుగులు, రోజూ కొంచెం పెంచుకుంటూ వీధి చివరి దాకా నడక. కొన్ని వారాల పాటు బరువులెత్తడం, వంగడం, నడుము మెలితిప్పడం నిషేధం. తర్వాత ఫిజియోథెరపిస్టు చూస్తుండగా పొట్ట, నడుము, పిరుదుల కండరాలకు వ్యాయామం. ఫలితం వచ్చిందో లేదో లెక్క చూసుకునేది మూడో నెలలోనో ఆరో నెలలోనో. ఈలోపు నొప్పి తగ్గినట్టే తగ్గి, ఒకరోజు మళ్లీ పట్టేస్తుంది. కోలుకోవడం మెట్లెక్కినట్టు ఉండదు. రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి.

ఇంత ఆలస్యానికి కారణం వెన్ను నిర్మాణంలోనే ఉంది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌లోకి, దాని అంచులను మినహాయిస్తే, రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న ఎముకల నుంచి ఊరి వచ్చే పోషకాలే దానికి ఆధారం. చెయ్యి తెగితే వారంలో మానుతుంది, ఎందుకంటే రక్తం అక్కడికి కావలసిన సరంజామా మోసుకొస్తుంది. డిస్క్‌కు ఆ సదుపాయం లేదు. ఆక్సిజన్ తక్కువ, ఆమ్లం ఎక్కువ. అలాంటి చోట బయటి నుంచి పంపిన కణాలు ఎన్ని బతుకుతాయన్నదే శాస్త్రవేత్తలను వేధిస్తున్న ప్రశ్న.

రోగులు దెబ్బతినేది ముఖ్యంగా రెండు చోట్ల. మూడో వారానికి కాస్త హాయిగా అనిపించగానే గ్యాస్ సిలిండర్ ఎత్తేవారు ఒక రకం. కదిలితే సూది మందు ఎక్కడ చెదిరిపోతుందోనని నెలరోజులు మంచం దిగనివారు రెండో రకం. చూడటానికి జాగ్రత్తపరుల్లా కనిపించినా రెండో రకం వారికీ నష్టం తప్పదు. వాడని కండరం వారాల్లోనే నీరసిస్తుంది. నడుమును మోయాల్సిన కండరాలే బలహీనపడితే బాగుపడ్డ లిగమెంటు ఒక్కటీ ఏం చేయగలదు? కొత్త నొప్పి వచ్చిన ప్రతిసారీ చికిత్స విఫలమైందని హడలిపోవడం కూడా కీడే. భయంతో కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గితే నొప్పి పెరుగుతుంది.

సలహా బాగానే ఉంది. పాటించగలిగేదెవరు? కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి సెలవు పెట్టగలడు, ఇంటి నుంచి పనిచేస్తానని అడగగలడు. రోజంతా వంగి నాట్లు వేసే కూలీకి వంగవద్దంటే పని మానెయ్యమన్నట్టే. గతుకుల రోడ్డు మీద పన్నెండు గంటలు స్టీరింగు పట్టే లారీ డ్రైవరుదీ అదే పరిస్థితి. ఇక బిందెలు మోసే, పిల్లల్ని ఎత్తుకునే, బట్టలుతికే ఇల్లాలికి సిక్ లీవు ఇచ్చే యజమాని ఎవరూ లేరు. ఇంజెక్షన్ ఖర్చును ఎలాగో సమకూర్చుకున్న కుటుంబాలు కూడా ఆ తర్వాతి వారాల ఆదాయనష్టాన్ని, ఫిజియోథెరపీ ఫీజులను, ఇంటిపనికి మనిషిని పెట్టుకునే ఖర్చును లెక్కలోకి తీసుకోవు. ఫలితం తేలేది మాత్రం ఆ వారాల్లోనే.

ఇంతకీ ఈ ఇంజెక్షన్లు పనిచేస్తాయా? ఆస్ట్రేలియాలో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 110 మందిపై చేసి 2004లో ప్రచురించిన పరీక్ష ఆలోచింపజేస్తుంది. సగం మందికి ప్రోలోథెరపీ మందు, సగం మందికి ఉత్త ఉప్పునీరు ఎక్కించారు. ఏడాది తర్వాత మందు వేయించుకున్నవారిలో 46 శాతం మందికి నొప్పి సగానికి పైగా తగ్గింది. ఉప్పునీటి బృందంలోనూ 36 శాతం మందికి అంతే తగ్గింది. గణాంకశాస్త్రం ప్రకారం ఈ తేడా లెక్కలోకి రాదు. 2007లో కాక్రేన్ సమీక్ష ఐదు అధ్యయనాలను జల్లెడ పట్టి, ప్రోలోథెరపీ ఒక్కటే అయితే ప్రయోజనం లేదని, వ్యాయామం వంటివాటితో కలిపితే మేలు ఉండవచ్చని తేల్చింది.

పీఆర్‌పీ కథ కూడా అటూ ఇటూగానే ఉంది. 47 మంది డిస్క్ నొప్పి రోగులపై జరిపి 2016లో ప్రచురించిన అమెరికా పరీక్షలో ఎనిమిది వారాలకే మెరుగుదల కనిపించింది. 26 మందితో చేసిన ఇలాంటి మరో పరీక్ష 2022లో వెలువడింది. అందులో ఉప్పునీటికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రెండూ చిన్నవే. మూలకణాల విషయంలో ఆస్ట్రేలియా కంపెనీ మెసోబ్లాస్ట్ 404 మందితో పెద్ద పరీక్షే నిర్వహించింది. నొప్పి, పనితీరు రెండూ కలిపి పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని చికిత్స అందుకోలేదని 2021లో ప్రకటించింది. నొప్పి మాత్రం కొందరిలో తగ్గింది. ఆ సంగతి తేల్చుకోవడానికి కంపెనీ మరో పరీక్ష చేపట్టింది.

మరి కోలుకున్నామని చెప్పేవాళ్ల మాట అబద్ధమా? కానక్కర్లేదు. నడుంనొప్పికి ఆటుపోట్లు సహజం. మనిషి డాక్టరు దగ్గరికి పరుగెత్తేది నొప్పి తారస్థాయికి చేరినప్పుడు. అక్కడి నుంచి అది ఎలాగూ కొంత దిగుతుంది. దానికి ఆశ, ఆరునెలల క్రమశిక్షణ, రోజూ నడక తోడవుతాయి. కీర్తి సూదికి దక్కుతుంది. ఎంఆర్‌ఐ ఫిల్ము చూసి బెంబేలెత్తడంలోనూ ఇలాంటి తికమకే ఉంది. నొప్పే లేని 3,110 మంది స్కాన్‌లను క్రోడీకరించి 2015లో ప్రచురించిన సమీక్షలో, ఇరవై ఏళ్లవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. అరిగిన ప్రతి డిస్కూ నొప్పికి మూలం కాదు.

దేశంలో నియమాలు ఉన్నాయి. ఎముక మజ్జ మార్పిడి వంటి కొన్ని రక్తసంబంధ చికిత్సలు మినహా మూలకణాల వాడకం ఏదైనా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు నిర్దేశించాయి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తులను కొత్త మందుల జాబితాలో చేర్చాయి. బెంగళూరుకు చెందిన స్టెంప్యూటిక్స్ రూపొందించిన ఉత్పత్తికి మోకాలి కీళ్లవాతంలో వాడేందుకు 2022లో అనుమతి వచ్చింది. అది మోకాలికే గానీ నడుముకు కాదు. ఇక పీఆర్‌పీలో ఉండేవి మూలకణాలే కావు. అయినా రెండింటినీ ఒకే గాటన కట్టే ప్రకటనలకు కొదవలేదు.

బీమా కంపెనీలు మాత్రం ఈ తేడాను కచ్చితంగా పాటిస్తాయి. రుజువుకాని చికిత్సల ఖర్చును మినహాయించే వీలు బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లోనే ఉంది. ఆ ఏడాదే కవరేజీ ఇవ్వాలని చెప్పిన ఆధునిక చికిత్సల్లో మూలకణాల ప్రస్తావన ఉన్నా, అది రక్తవ్యాధులకు చేసే ఎముక మజ్జ మార్పిడికే పరిమితం. అంటే నడుము ఇంజెక్షన్ బిల్లు చాలావరకు రోగి జేబు నుంచే కట్టాలి.

2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మందికి నడుంనొప్పి ఉందని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. ఇంతమందికి ఖరీదైన సూది పరిష్కారం కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు వ్యాయామానికి, రోగికి అవగాహన కల్పించడానికి, మానసిక చికిత్సకు ప్రాధాన్యమిచ్చాయి. నడుము బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడవద్దన్నాయి. నడుంనొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందితో ఆస్ట్రేలియాలో చేసి 2024లో ప్రచురించిన పరీక్ష మరింత సూటిగా ఉంది. క్రమంగా పెంచుతూ వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నడిచే స్థాయికి చేర్చిన బృందంలో నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది. ఏ కార్యక్రమమూ లేనివారిలో 112 రోజులే.

ఇంజెక్షన్ వేయించుకోవాలా వద్దా అన్నది రోగి, డాక్టరు కలిసి తేల్చుకోవాల్సిన విషయం. వేయించుకున్నా, మానుకున్నా తర్వాత చేయాల్సిన పని ఒకటే: నెమ్మదిగా, ఓపిగ్గా, రోజూ కదలడం. దానికి బిల్లు లేదు. తీరిక, ఇంట్లోవాళ్ల సాయం మాత్రం కావాలి. మన దేశంలో చాలామంది నడుములకు కరువైనవి ఆ రెండే.

సూది వేయించుకునే ముందు, తర్వాత

• ఎక్కిస్తున్నది చక్కెర ద్రావణమా, పీఆర్‌పీనా, మూలకణాలా అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

• క్లినికల్ ట్రయల్ అంటే సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ప్రయోగంలో ఉన్న చికిత్సకు రోగి దగ్గరే రుసుము వసూలు చేస్తుంటే అనుమానించండి.

• తర్వాతి ఆరు వారాలకు సెలవు, ఇంటి సాయం, ఫిజియోథెరపీ ఖర్చు ముందే సమకూర్చుకోండి.

• జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, సూది వేసినచోట ఎరుపు, చీము కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. డిస్క్‌లో ఇన్ఫెక్షన్ అరుదే అయినా ప్రమాదకరం.

• కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేరాలి.